తెల్లగా కనిపించిందల్లా పిండినల్లి కాదు

పోయిన శ్రావణమాసంలో నేనొక ఘనకార్యం చేశాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి. మందార చెట్టుకి పిండినల్లి పట్టిందని పదిహేను రోజులు దానితో యుద్ధం చేసి, చివరికి ఆ నల్లిని తినడానికి ఎక్కడినుంచో వెతుక్కుంటూ వచ్చిన పురుగుల్ని ఏరి ఏరి చంపాను. నల్లికేమీ కాలేదు. ఇంకా బలిసింది.

మాది నిజాంపేట వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మేడ మీద మొక్కలు పెట్టుకుంటామంటే అసోసియేషన్ వాళ్ళు మూడు మీటింగులు పెట్టి, కింది ఫ్లాటులోకి నీళ్ళు దిగితే ఖర్చు మాదేనని రాయించుకుని, అప్పుడు సరేనన్నారు. కుండీలూ గ్రోబ్యాగులూ పగిలిన బకెట్లూ ఖాళీ పెయింటు డబ్బాలూ అన్నీ కలిపి నలభై దాకా ఉంటాయి. వాటిలో మందారం మాత్రం మా అత్తయ్యగారు అంబాజీపేట దగ్గర వాళ్ళ ఊరినుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కొమ్మ. ముద్ద మందారం, నిండు ఎరుపు. రోజూ పొద్దున్నే పూజకి రెండు పూలు దాని నుంచే కోస్తారావిడ. అది వాడిందంటే ఇంట్లో నా పరిస్థితేంటో మీరే ఊహించుకోండి, అందుకే అంత టెన్షన్ పడ్డాను.

నిజానికి మొదట కనిపించింది నల్లి కాదు, చీమలు. కాండం మీద ఒక వరస పైకీ ఒక వరస కిందకీ, ఆఫీసు టైములో మెట్రో స్టేషన్ మెట్లలాగా. చీమలే కదా, పోతాయిలే అని వదిలేశాను. వారం తర్వాత చూస్తే చిగుర్లన్నీ గుప్పిట మూసినట్టు ముడుచుకుపోయి ఉన్నాయి. విప్పి చూస్తే ఆ ముడతల్లో తెల్లగా, ముగ్గు గిన్నె ఒలికినట్టు. గోరుతో గీకితే లోపల గులాబీ రంగు రసం, వేళ్ళకి జిగురు. కింది ఆకుల మీద కూడా అదే జిగురు, దాని మీద నల్లటి పొర, కిరోసిన్ దీపం మసి పట్టినట్టు. ఈ నలుపుని మసిమంగు అంటారు, మొక్కకి పట్టిన వేరే రోగం కాదది. నల్లి చెట్టు రసం పీల్చి, తనకి ఎక్కువైన తీపినంతా బయటికి వదిలేస్తుంది, అది ఆకుల మీద పడుతుంది, దాని మీద బూజు పెరుగుతుంది, అంతే. ఆ తీపి కోసమే చీమలు. ఊరికే నాకిపోవు కూడా, మనం గేదెల్ని మేపుకున్నట్టు మేపుకుంటాయి, నల్లి పిల్లల్ని నోట కరుచుకుని కొత్త కొమ్మలకి చేరుస్తాయి, వాటిని తినడానికి ఎవరొచ్చినా మీదపడి తరిమేస్తాయి. కాబట్టి చీమల దారి మూయకుండా నల్లికి ఎన్ని మందులు కొట్టినా దండగే.

ఇవన్నీ ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు నాకేం తెలుసు. వేపనూనె అని ఎక్కడో విన్నాను, పూజ సామాన్ల కొట్లో దీపారాధనకి అమ్మే సీసా ఇంట్లో ఉంది, అది తీసుకుని లీటరు నీళ్ళలో ఒక గరిటెడు పోసి, గబగబా ఊపి, పొద్దున పదకొండు గంటల ఎండలో కొట్టాను. ఇందులో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టండి. దీపాలకి అమ్మేది మొక్కలకి కాదు, అందులో ఏ నూనెలు కలుపుతారో ఎవరికీ తెలీదు, మొక్కలకైతే గానుగ వేపనూనె గానీ ఎరువుల కొట్లో దొరికే వేప మందు గానీ తీసుకోవాలి. లీటరుకి 5 మిల్లీలీటర్లు చాలు, అంటే ఒక టీస్పూను. నూనె నీళ్ళలో కలవదు, ముందు నూనెలో కాస్త సబ్బునీళ్ళో కుంకుడు రసమో వేసి తెల్లగా పాలలాగా అయ్యేదాకా గిలక్కొట్టి, అప్పుడు మిగతా నీళ్ళు పోయాలి. నేను చేసినట్టు చేస్తే సీసాలో మొదట ఉత్త నీళ్ళొస్తాయి, చివర్లో ఉత్త నూనె. ఆ చివరి నూనె పడిన కొమ్మలు మూడో రోజుకి అంచులు మాడి అప్పడాల్లా అయ్యాయి. ఇక ఎండ సంగతి, వేపలో పనిచేసే పదార్థం ఎండకి తొందరగా పాడైపోతుంది, పైగా నూనె పట్టిన ఆకు ఎండలో కాలుతుంది, సాయంత్రం ఐదున్నర ఆరు తర్వాతే కొట్టాలి.

మధ్యలో ఒక మాట. వేపనూనెతో బూజు తెగుళ్ళని అదుపు చెయ్యడం మీద అమెరికా వ్యవసాయ శాఖకీ ఒక కంపెనీకీ కలిపి యూరప్‌లో ఇచ్చిన పేటెంటుని మనవాళ్ళు పోరాడి 2000లో రద్దు చేయించారు, 2005లో వాళ్ళ అప్పీలు కూడా పోయింది. అంత కష్టపడి నిలబెట్టుకున్న వేపనూనెని నేను పప్పు గరిటెతో కొలిచాను.

తర్వాత పురుగుమందుల కొట్టుకి వెళ్ళాను. మొక్కేంటి, పురుగేంటి అని అడగనే లేదు, "అన్నిటికీ పనిచేస్తుందమ్మా, పది చుక్కలు వెయ్యండి" అని ఒక చిన్న సీసా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి చదివితే ఇమిడాక్లోప్రిడ్. మొక్క దాన్ని లోపలికి పీల్చుకుంటుంది, రసం తాగిన పురుగు చస్తుంది, పని చేస్తుంది, కాదనను. కానీ మందార పూలలోకి కూడా అది వెళుతుంది కదా, రోజూ వచ్చే తేనెటీగలూ ఆ బుల్లి తేనెపిట్టా ఏమవ్వాలి? ఈ మందుని ఆరుబయట పంటలకి వాడకూడదని 2018లో యూరప్ నిషేధించింది తేనెటీగల గురించే. వాడొద్దని నేను పాఠం చెప్పట్లేదు, పొలంలో రైతు లెక్క వేరు, నలభై కుండీల నాకు అంత అవసరం ఏంటి అని నా ఆలోచన. ఒకటి మాత్రం అందరూ చూడండి, ఏ పురుగుమందు డబ్బా మీదైనా ఒక త్రికోణం ఉంటుంది, ఎరుపైతే అతి విషం, పసుపు దాని తర్వాత, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఆకుపచ్చ అంటే విషం లేదని కాదు. మా పక్క బ్లాకులో ఒకాయన కరివేపాకు కుండీలో గుళికల మందు వేసి, వారానికే ఆ ఆకు చారులో వేసుకున్నారని విని నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

సరే, మందు వాడలేదు. దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కో నల్లినీ తుడవడం మొదలుపెట్టాను. ఇంట్లో పెట్టుకునే చిన్న మొక్కలకి ఈ పద్ధతి బంగారం, కానీ ఐదడుగుల మందారానికి అంటే సాయంత్రాలన్నీ అక్కడే తెల్లారుతాయి. అలా తుడుస్తుండగా ఎనిమిదో రోజు కనిపించాయి అవి. మామూలు నల్లి కంటే రెండు మూడు రెట్లు పెద్దవి, ఒళ్ళంతా తెల్లటి పోగులు, కొబ్బరి తురుము అతికించుకున్నట్టు. నల్లికి తల్లులు ఇవే అనుకున్నాను, రాణి చీమ ఉంటుంది కదా అలాగ. కనుబొమ్మల పట్టకారు తీసుకొచ్చి ఒక్కొక్కటీ పట్టి సబ్బునీళ్ళ గిన్నెలో వేశాను. పట్టుకోబోతే పరిగెత్తేవి, దాంతో నాకు ఇంకా పంతం వచ్చింది. గెలిచానన్న ఉత్సాహంతో గిన్నెనీ కొమ్మనీ ఫోటో తీసి బాబాయ్‌కి పంపాను. ఆయన ఉద్యాన శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు.

ఐదు నిమిషాల్లో ఫోన్.

"అమ్మాయ్, ఆ గిన్నెలోవి ఎన్నుంటాయి?"

"పద్దెనిమిది బాబాయ్! ఒక్కటి కూడా వదల్లేదు."

కాసేపు ఆయన ఏం మాట్లాడలేదు. తర్వాత, "వాటిని మేము బెంగళూరు నుంచి డబ్బులిచ్చి డబ్బాల్లో తెప్పించుకునేవాళ్ళమమ్మా. నీకు ఊరికే వచ్చాయి" అన్నారు.

అవి అక్షింతల పురుగు జాతిలోని ఒక పురుగు పిల్లలట. పేరు క్రిప్టోలీమస్. పెద్దది మినపగింజంత ఉంటుంది, ఒళ్ళు నల్లగా, తలా తోకా నారింజ రంగులో. అది వచ్చి పిండినల్లి మధ్యలో గుడ్లు పెడుతుంది, పిల్లలు అచ్చం నల్లిలాగే తెల్లటి మైనపు పోగులు కప్పుకుని నల్లి మధ్యలోనే తిరుగుతూ దాని గుడ్లనీ పిల్లల్నీ తింటాయి. మేకల మందలో మేక తోలు కప్పుకున్న తోడేలన్నమాట, కాకపోతే ఇక్కడ తోడేలు మన వైపు. దీన్ని 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి కాఫీ తోటల కోసం తెచ్చారని, దక్షిణాదిలో స్థిరపడిపోయిందని, ఇప్పటికీ బెంగళూరులో మిత్ర పురుగుల మీద పనిచేసే జాతీయ సంస్థ ఒకటి ఉందని బాబాయ్ చెబుతుంటే నేను ఆ సబ్బునీళ్ళ గిన్నె వైపు చూడలేకపోయాను. నూటపాతికేళ్ళ కాపురం దానిది ఈ దేశంలో, వచ్చి వచ్చి నా పట్టకారు కింద పడింది.

తేడా ఎలా తెలుస్తుంది అంటే చాలా తేలిక. పుల్లతో కదపండి. పిండినల్లి కదలదు, కదిలినా బద్ధకంగా కాస్త జరుగుతుంది. ఇది పరిగెడుతుంది. నల్లి మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటదు, ఇది సెంటీమీటరు పైనే పెరుగుతుంది. తెల్లనివన్నీ పాలు అనుకునే నాలాంటి వాళ్ళ కోసం ఈ రెండు ముక్కలు.

ఆ తర్వాత బాబాయ్ చెప్పినట్టే చేశాను. బాగా ముడుచుకుపోయిన చిగుర్లని ఒక జానెడు కిందకి కత్తిరించి, కవరులో వేసి మూతి బిగించి రెండు రోజులు ఎండలో పెట్టి పారేశాను. అంతకుముందు కత్తిరించినవాటిని నీళ్ళ ట్యాంకు వెనక పడేసేదాన్ని, అక్కడినుంచి చీమలు మళ్ళీ మోసుకొచ్చేవి, ఆ పిచ్చి కూడా చేశాను. పైపు చివర వేలు అడ్డం పెట్టి గట్టిగా నీళ్ళు కొట్టడం, రోజు విడిచి రోజు, ముఖ్యంగా ఆకుల అడుగున. కాండం చుట్టూ వెడల్పాటి టేపు చుట్టి దాని మీద గ్రీజు రాశాను, చీమలు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగాయి. పక్క కుండీ ఆకులు దీనికి తగులుతుంటే ఆ వంతెన మీదుగా వస్తాయి కాబట్టి కుండీ ఎడంగా జరిపాను. ఇక స్పిరిట్ బంద్, వేపనూనె బంద్. మూడు వారాలు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. దసరా ముందు ఒక రోజు మళ్ళీ ఆ కొబ్బరి తురుము పురుగులు నాలుగు కనిపించాయి. వాటికి క్షమాపణ చెప్పాను. అత్తయ్యగారు చూసి, దీనికి మొక్కల పిచ్చి ముదిరింది అనుకుని ఉంటారు. మందారం కార్తీకంలో మళ్ళీ పూసింది. నల్లి పూర్తిగా పోయిందా అంటే లేదు, అక్కడక్కడా ఉంది, ఉండనీ, ఆ పురుగులు కూడా ఏదో ఒకటి తినాలి కదా.

బాబాయ్ ఆ ఫోన్లోనే బొప్పాయి కథ కూడా చెప్పారు, అది నాకు బాగా నచ్చింది. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి మీద కొత్త రకం పిండినల్లి కనబడింది, మెక్సికో వైపుది. దాన్ని తినేవాళ్ళు ఇక్కడ లేరు కదా, రెండేళ్ళలో తోటలకి తోటలు తెల్లగా అయిపోయాయి, బొప్పాయే కాదు, మల్బరీ, టేకు, మందారం దేన్నీ వదల్లేదు. ఎన్ని మందులు కొట్టినా పోలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి ఒక కందిరీగ జాతి పురుగుని తెచ్చారు, కందిరీగ అంటే కుట్టేది అనుకునేరు, కంటికి సరిగ్గా ఆనదు, నల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది. అది వదిలిన తోటల్లో కొన్ని నెలల్లోనే నల్లి అదుపులోకి వచ్చింది. ఆ పురుగుని వదిలాక మందు కొట్టొద్దని రైతుల్ని ఒప్పించడానికే తల ప్రాణం తోకకి వచ్చిందట.

ఈ మాట అత్తయ్యగారికి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. కోనసీమ కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ వచ్చినప్పుడు వాళ్ళు చూసిందే అది. 2016లో పొల్లాచ్చి దగ్గర మొదట బయటపడి, తర్వాత గోదావరి జిల్లాలకి వచ్చింది. ఆకు అడుగున తెల్లటి చుట్టలు చుట్టలుగా గుడ్లు, కింది మట్టలన్నీ మసి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో ఆ దోమకి జబ్బు తెప్పించే బూజునీ, దాన్ని తినే పురుగుల్నీ పెంచి రైతులకి ఇస్తారు. "మీ మావయ్యగారు నాలుగు మట్టల కింద ఆ దోమని తినే పురుగుల గుడ్లున్న కాగితాలు గుచ్చొచ్చారు, పురుగుకి పురుగుని పెట్టి మేపడమేంటని ఊరంతా నవ్వింది" అన్నారావిడ. ఇంత తెలిసిన మనిషి నేను పట్టకారుతో కుస్తీ పడుతుంటే ఎందుకు చెప్పలేదు అంటే, "నువ్వు అడిగావా?" అన్నారు. నిజమే.

అక్షింతల పురుగు అన్నాను కదా, ఆ పేరుతో ఇంకో తిరకాసుంది. మన భాషలో మిత్రుడికీ శత్రువుకీ ఇదే పేరు. చిగుర్ల మీద గుంపుగా చేరి రసం పీల్చే పేనుబంకని తినే ఎర్రటి నిగనిగలాడే చుక్కల పురుగూ అక్షింతల పురుగే, వంకాయ ఆకుల్ని జల్లెడ చేసేదీ అక్షింతల పురుగే. వంగ మీది దానికి నిగనిగ ఉండదు, మట్టిరంగు కలిసిన ఎరుపు, సన్నటి నూగు, వీపు మీద చుక్కలు ఎక్కువ, ఇరవై ఎనిమిది దాకా. దాని పిల్లలు పసుపు రంగులో ఒళ్ళంతా ముళ్ళతో ఆకు అడుగున పచ్చదనం గీక్కుని తింటుంటాయి, ఈనెలు మాత్రం మిగులుతాయి. మంచిదాని పిల్లలు నల్లగా, నారింజ మచ్చలతో, చీమంత మొసలిపిల్లల్లా ఉంటాయి, చూస్తే భయమేస్తుంది, చాలామంది చంపేది వీటినే. అందంగా ఉన్నది మంచిది, అసహ్యంగా ఉన్నది చెడ్డది అనే లెక్క ఇక్కడ అస్సలు పనికిరాదు. వంగ మీదివాటిని నేను పొద్దున్నే చేత్తో ఏరి సబ్బునీళ్ళలో వేస్తాను. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని మరీ ఏరుతున్నాను. వంగకి ఇంకో బాధ కొమ్మ తొలిచే పురుగు. పచ్చగా ఉన్న మొక్కలో ఒక చిగురు మాత్రం తల వాల్చేస్తే నీళ్ళు చాలలేదని అనుకోకండి, లోపల పురుగుంది, రెండంగుళాలు కిందకి తుంచి చీల్చి చూస్తే గులాబీ రంగు పురుగు కనిపిస్తుంది. తుంచకపోతే అది కాయల్లోకి వెళుతుంది.

మిరప సంగతి అడిగిన స్నేహితులకి నేను ఒకటే ప్రశ్న వేస్తాను, పై ముడతా, కింది ముడతా? మన రైతులు పెట్టిన ఈ రెండు మాటలు ఏ పుస్తకం కంటే తక్కువ కాదు. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే తామర పురుగు. కిందకి ముడుచుకుని గిన్నె బోర్లించినట్టయితే తెల్లనల్లి. రెండింటికీ మందు వేరు, పిండినల్లిలా కాదు, ఈ తెల్లనల్లి అసలు పురుగే కాదు, ఎనిమిది కాళ్ళు, సాలీడుకి చుట్టం, అందుకే పురుగుమందు చాలావాటికి అది చావదు సరికదా, దాన్ని తినేవాళ్ళు చచ్చి అది పెరుగుతుంది. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిర్చి రైతుల్ని ముంచేసిన నల్ల తామర పురుగు గుర్తుందా, అది పూలలో దాక్కునేది, కొట్టిన మందు మీద మందు కొట్టి అప్పులైపోయారు తప్ప చాలామందికి పంట దక్కలేదు. నా నాలుగు మొక్కలకి నేను నీలం రంగు జిగురు అట్టలు కడతాను, తామర పురుగుకి నీలం ఇష్టం, తెల్లదోమకి పసుపు. ఆకులన్నీ చిన్నవైపోయి గుత్తులు గుత్తులుగా ముడుచుకుని మొక్క గిడసబారిపోతే మాత్రం అది బొబ్బర, వైరస్. దానికి మందు లేదు.

బెండకి పల్లాకు తెగులు కూడా అంతే. ఈనెలు పసుపు పచ్చగా వల పరిచినట్టు అవుతాయి, తర్వాత ఆకంతా, తర్వాత కాయలు కూడా పాలిపోతాయి. తెల్లదోమ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తుంది. పీకేయాలి, ఇంకో దారి లేదు. ఈ ఏడాది పది మొక్కల్లో రెండింటికి వస్తే పీకబోయాను, "పూత మీదున్నదాన్ని పీకుతావా, చేతులెలా వస్తాయే" అని అత్తయ్యగారు అడ్డం పడ్డారు. సరేనని వదిలాను. నెల తిరిగేసరికి ఏడింటికి వచ్చింది. ఈసారి ఆవిడే పీకారు, నాతో ఒక్క మాట మాట్లాడకుండా.

ఇంట్లో మొక్కల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నూటికి తొంభై మంది వాటిని చంపేది నీళ్ళు పోసే. మనీ ప్లాంట్ ఆకులు పసుపైతే నీళ్ళు చాలలేదని ఇంకాస్త పోస్తారు, వేళ్ళు కుళ్ళుతాయి. కుండీ చుట్టూ సన్నటి నల్ల దోమలు ఎగురుతుంటే మట్టి ఎప్పుడూ తడిగా ఉందని అర్థం, పైన రెండంగుళాలు ఎండనిస్తే వాటంతటవే పోతాయి. ఏసీ గదిలో ఆకులు సన్నటి చుక్కలతో వెలిసిపోయినట్టుంటే తెల్ల కాగితం మీద ఆకుని తట్టండి, కదిలే చుక్కలు పడితే ఎర్రనల్లి. స్నానం చేయించండి మొక్కకి, వారానికి రెండుసార్లు, ఆకు అడుగు తడిసేలా.

వంటింటి వైద్యాల మీద నా అభిప్రాయం చెప్పమంటే కొందరికి కోపం రావచ్చు. కుంకుడు రసం నిజంగా పనిచేస్తుంది, పేనుబంకకి నేను ముందు వాడేది అదే, నాలుగు కాయలు రాత్రి నానబెట్టి పిసికి వడగట్టి లీటరు నీళ్ళలో కలిపితే చాలు, గంట తర్వాత మంచినీళ్ళతో కడిగేస్తాను. బట్టల సబ్బు పొడి మాత్రం వద్దు, ఆకులు మాడతాయి. పుల్ల మజ్జిగలో ఇంగువ కలిపి కొడితే బీరపాదు మీద బూడిద తెగులు మొదట్లో కాస్త ఆగింది, ముదిరాక ఆగలేదు, ముదిరిన ఆకులు తుంచేయడమే. అగ్నిఅస్త్రం జోలికి మాత్రం ఇక పోను. గోమూత్రంలో పొగాకు, పచ్చిమిరప, వెల్లుల్లి, వేపాకు వేసి పొంగేదాకా కాచాలి. పొలం గట్టు మీద కాచుకునేదాన్ని నేను మూడో అంతస్తు ఫ్లాటులో గ్యాస్ స్టవ్ మీద పెట్టాను. మెట్ల మీద వెళ్ళేవాళ్ళు దగ్గుకుంటూ తలుపులు కొట్టారు. గ్యాస్ లీకయిందని సెక్యూరిటీ అతను మెయిన్ ఆపేశాడు. ఆ వారం అసోసియేషన్ గ్రూపులో నాలుగో మీటింగుకి నోటీసొచ్చింది. పైగా పొగాకులో ఉండేది నికోటిన్, ఇంట్లో తయారుచేశాం కదా అని విషం విషం కాకుండా పోదు, చేతికి తొడుగు లేకుండా పిండాను, రాత్రంతా తల తిరిగింది.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న గొడవ కరివేపాకు మీద. పది రోజుల కిందట ఆకుల మీద పిట్ట రెట్టల్లా నలుపూ తెలుపూ మచ్చలు కనిపించాయి. మా చిన్నది వేలు పెట్టి చూస్తే అవి కదిలాయి. సీతాకోకచిలుక పురుగులు, నిమ్మ చెట్టు మీదా కరివేపాకు మీదా పెరిగేవి. మామూలుగా అయితే తీసి పారేసేదాన్ని, ఒక్క పెద్ద పురుగు రోజుకి ఒక రెమ్మ నున్నగా తినేస్తుంది. కానీ చిన్నది ఒప్పుకోలేదు. ఐదింటిలో మూడు ఏమయ్యాయో తెలీదు, పిట్టలు తినుంటాయి. రెండు మిగిలాయి, పచ్చగా వేలంత అయ్యాయి, ముట్టుకుంటే తల వెనకనుంచి ఎర్రటి రెండు కొమ్ములు చాచి ఏదో పుల్లటి వాసన వదులుతాయి, స్కూలు నుంచి రాగానే ఆ కొమ్ములు చూడ్డమే దాని పని. మొన్న ఒకటి కాండానికి సన్నటి దారంతో నడుం కట్టుకుని గూడైపోయింది.

ఇవాళ పొద్దున అత్తయ్యగారు పులిహోరకి కరివేపాకు కోద్దామని పైకి వెళితే వెనకాలే ఇదీ పరిగెత్తింది. "నానమ్మా, ఎడమ పక్క కొమ్మ నాది, అది వదిలేసి కోసుకో." ఆవిడ వంగి కాసేపు ఆ గూడుని చూసి, ఏమీ అనకుండా కిందకొచ్చి ఫ్రిజ్‌లో ఉన్న పాత కట్ట తీసుకున్నారు.